ఇల్లూ వాకిలీ – ఉప్పుగాలిలో శ్లాబు

గత సంచికలో మిద్దెపై నీరు నిలువకుండా వాలు ఇచ్చే పద్ధతులను గురించి ముచ్చటించుకున్నాము. ఈ పర్యాయం పిట్టగోడల సంగతి వ్రాయదలచాము. కాని పుదుచ్చేరి నుండి వచ్చిన ఒక ఉత్తరం ఆ ఆలోచనను ప్రక్కకు నెట్టింది.

వ్రాసినవారు మన సంస్థలోనే పనిచేసి 2011లో పదవీ విరమణ చేసిన పెద్దలు. వారి శ్రీమతిగారిది యానాం. ఆమె తండ్రిగారు ప్రభుత్వోద్యోగ రీత్యా పుదుచ్చేరి పట్టణంలో స్థిరపడి, సముద్రానికి నాలుగు వీధుల లోపల కొన్న చిన్న స్థలాన్ని కుమార్తెకు ఇచ్చారు. ఆ స్థలంలో 1994లో, సంస్థ ఇచ్చిన గృహనిర్మాణ అడ్వాన్సుతోను, ప్రావిడెంట్ ఫండు నుండి తీసిన అప్పుతోను వారు ఇల్లు కట్టుకున్నారు. ఒక హాలు, పడకగది, వంటిల్లు, స్నానాల గది, ముందు అరుగు. అంతే.

ఉత్తరంలోని మాటలు ఇవి: "బాబూ, మే నెలలో ఒకనాటి మధ్యాహ్నం పడకగది శ్లాబు అడుగు నుండి పళ్లెమంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. రోజూ ఆ వేళకు మనుమరాలు అక్కడే పడుకుంటుంది. ఆనాడు మామిడిపండు తింటూ వంటింట్లో కూర్చున్నది కనుక సరిపోయింది. ముందు అరుగు కూడా మొన్నటి తుపాను తరువాత ఒక మూల కుంగింది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇల్లు అమ్మివేయమంటున్నాడు. ఒక కాంట్రాక్టరు వచ్చి రెండు అంగుళాల మందాన సిమెంటు పూత వేస్తే ఇరవై ఏళ్లు చూడనక్కరలేదంటున్నాడు. నాకు డెబ్బై నాలుగేళ్లు. మళ్లీ కట్టే ఓపిక, డబ్బు రెండూ లేవు. ప్లాను నీవు గీసిందే కదా, నీవే వచ్చి చూడు."

చివరి వాక్యం వద్ద మేము చాలాసేపు ఆగిపోయాము. ప్లాను మేము గీసిందే. అప్పటికి మాకు ఇరవై ఏడేళ్లు. శాఖలో చేరి కొంతకాలమే అయింది. పెద్దలు అడిగారన్న సంతోషంతో రెండు రాత్రులు కూర్చుని చువ్వల పట్టికతో సహా గీసి ఇచ్చాము.

ప్రయాణానికి ముందు మా పాత కాగితాల కట్ట విప్పి చూచాము. శ్లాబు మందం 110 మిల్లీమీటర్లు. కాంక్రీటు ఎం 15. చువ్వల క్రింద కవరు, అంటే చువ్వకు శ్లాబు అడుగుకు మధ్య ఉండే కాంక్రీటు మందం, 15 మిల్లీమీటర్లు. నాడు అమలులో ఉన్న ఐ.ఎస్. 456 నియమావళి 1978 నాటి సవరణ. దాని ప్రకారం ఈ మూడు అంకెలలోనూ తప్పు లేదు. అయితే అదే నియమావళిలో ఆ 15 మిల్లీమీటర్ల నియమానికి వెనువెంటనే మరొక నియమం ఉన్నది. ఉప్పుగాలి వంటి హానికర వాతావరణంలో కవరును మరి 15 నుండి 50 మిల్లీమీటర్ల వరకు పెంచవచ్చుననీ, ఎంత పెంచాలో ఇంజనీరు నిర్ణయించాలనీ దాని భావం. సముద్రానికి నాలుగు వీధుల దూరంలో కట్టే ఇంటికి ఆ నియమం చదవకుండా పుట తిప్పిన ఇంజనీరు మేమే. ఈ విషయం పెద్దలకు మొదటి రోజునే చెప్పాము. వారు కొంతసేపు మౌనంగా ఉండి, "సరే, ఇప్పుడేం చేద్దాం?" అన్నారు.

పుదుచ్చేరి పట్టణం ఎరుగని పాఠకులకు రెండు మాటలు. కాలువకు తూర్పున సముద్రం వైపు ఫ్రెంచివారి వీధులు, పడమట తమిళుల వీధులు. పాత ఇళ్లన్నీ ఇటుక, సున్నం, కలప. పైకప్పు టేకు దూలాల మీద నిలువుగా పేర్చిన చిన్న ఇటుకలు, వాటిపై సున్నపు డంగు. ఇనుము లేనిచోట తుప్పు లేదు. అందువలన ఆ ఇళ్లు ఉప్పుగాలిని ఓర్చుకున్నాయి. వాటి బలహీనత వేరు. సున్నం నీటికి నానుతుంది, దూలం చివర గోడలో పుచ్చుతుంది. సముద్రతీరాన ఉన్న 19వ శతాబ్దపు పురభవనం, అక్కడివారు మేరీ అని పిలిచేది, 2014 నవంబరు చివరి వానలలో కూలిపోయింది. దానిని పాత రూపులోనే తిరిగి కట్టి 2021లో ప్రారంభించారు. సున్నపు కట్టడం శాశ్వతమనీ, కాంక్రీటు పనికిరాదనీ చెప్పేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కాంక్రీటు సముద్రపు ఒడ్డున నిలువదనుకోవడమూ పొరపాటే. అదే పట్టణంలో శ్రీ అరవిందాశ్రమం వారి వసతి గృహం ఉన్నది. పేరు గోల్కొండ. మన గోల్కొండే. నిర్మాణానికి కావలసిన ధనం హైదరాబాదు సంస్థానపు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా రావడం వలన ఆ పేరు పెట్టారు. ఆంటోనిన్ రేమండ్ అనే వాస్తుశిల్పి రూపకల్పనలో 1937లో పని మొదలై, యుద్ధకాలపు కొరతల నడుమ సాగి, 1940లలో ముగిసింది. పూత లేని కాంక్రీటు. మన దేశపు తొలి ఆధునిక కాంక్రీటు భవనాలలో ఒకటిగా దానికి పేరు. రేమండ్ సహచరులు జార్జి నకాషిమా, ఫ్రాంటిషెక్ సామర్ పని స్థలంలోనే నివసించి పర్యవేక్షించారు. మేము వీధిలో నిలబడి దాని గోడలవైపు చూచినప్పుడు మనసుకు తోచినది ఒక్కటే. ప్లాను తపాలాలో పంపి ఊరకున్న ఇంజనీరుకు, ఇసుక జల్లెడ వద్ద నిలబడ్డ ఇంజనీరుకు తేడా అక్కడ గోడ మీద కనబడుతుంది.

ఇక ఇంటి సంగతి. మేము తీసుకువెళ్లిన పరికరాలు ఘనమైనవి కావు. అరకిలో సుత్తి, సుద్దముక్క, టార్చిలైటు, కొలబద్ద, ఫినాఫ్తలీన్ ద్రావణం ఒక చిన్న సీసాలో. మంచాలు తీయించి, నిచ్చెన వేయించి, శ్లాబు అడుగు అంతా జానెడు జానెడు దూరాన తట్టుకుంటూ పోయాము. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. పొర విడిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. డొల్ల వినిపించిన చోటెల్లా సుద్దతో గీత గీశాము. ఈ పని ఏ ఇంటి యజమాని అయినా స్వయంగా చేసుకోవచ్చు. శ్లాబు అడుగున చువ్వల వరుసలోనే సన్నని పగుళ్లు సమాంతరంగా కనిపిస్తున్నా, గోధుమరంగు మరకలు దిగినా, పెచ్చు ఊడే వరకు వేచి ఉండనక్కరలేదు.

సాయంత్రానికి చిత్రం తేలింది. హాలులో కిటికీల దగ్గర, సన్‌షేడ్ల అంచులలో, స్నానాల గదిలో అక్కడక్కడ సుద్ద గీతలు. పడకగదిలో మాత్రం మధ్య భాగమంతా ఒకటే గీత. పెచ్చు ఊడిన చోట కవరు కొలిస్తే 8 మిల్లీమీటర్లు. మేము గీసిన 15 కూడా దక్కలేదు. కవరు బిళ్లలకు బదులు కంకర రాళ్లు పెట్టి చువ్వలను లేపినట్లున్నారు. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు చువ్వల మీద నడిస్తే రాయి జారిపోతుంది, చువ్వ సెంట్రింగు పలకపై కూర్చుంటుంది.

తుప్పు ఎందుకు పడుతుందో కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. సిమెంటు సహజంగా గాఢమైన క్షారం. మంచి కాంక్రీటు లోపల పి.హెచ్. 12.5కు పైన ఉంటుంది. ఆ క్షారంలో ఇనుము చుట్టూ కంటికి కనబడని ఒక రక్షక పొర ఏర్పడుతుంది. అది ఉన్నంతకాలం తేమ, గాలి తగిలినా తుప్పు పట్టదు. ఆ పొరను చెడగొట్టేవి రెండు. మొదటిది గాలిలోని బొగ్గుపులుసు వాయువు. అది సంవత్సరాల తరబడి మెల్లగా లోపలికి దిగుతూ క్షారాన్ని చంపుతుంది. పి.హెచ్. 9కి దిగిన చోట రక్షణ పోయినట్లే. అప్పుడే విరిచిన కాంక్రీటు ముఖంపై ఫినాఫ్తలీన్ చల్లితే క్షారం ఉన్నంత మేర గులాబీరంగు వస్తుంది, లేనిచోట రంగు రాదు. మనుమరాలికి ఈ పరీక్ష బాగా నచ్చి, సీసాను మా చేతిలోనుండి తీసుకుని తానే చల్లింది. రెండవది ఉప్పులోని క్లోరైడు. క్షారం చెక్కుచెదరకున్నా, క్లోరైడు తగిన మోతాదులో చువ్వను చేరితే ఆ పొర చిల్లులు పడుతుంది.

తుప్పు పట్టిన ఇనుము తన పూర్వపు పరిమాణానికి రెండు నుండి ఆరు రెట్ల వరకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు లోపల చోటు లేదు. కాంక్రీటు నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది కాని లాగుడును ఓర్చుకోలేదు. కనుక అడుగు పొర విచ్చి ఊడుతుంది.

పెద్దల కుమారుడు ఉండేది మినియాపోలిస్ నగరంలో. ఫోనులో అతడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "అంకుల్, ఇక్కడ మా ఇంటి ముందు కాంక్రీటు బాట కూడా ఇలాగే పెచ్చులు లేస్తుంది. ఇక్కడ సముద్రం లేదు కదా?" అక్కడ ఆ పని మంచు చేస్తుంది. నీరు గడ్డకట్టితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటు సూక్ష్మరంధ్రాలలో ఇంకిన నీరు ఒక్కొక్క శీతకాలంలో పదుల సార్లు గడ్డకట్టి కరుగుతూ పైపొరను చీలుస్తుంది. అందుకని శీతల దేశాలలో కాంక్రీటులో కావాలనే సన్నని గాలిబుడగలను కలుపుతారు. ఉబ్బే నీటికి అవి ఖాళీ చోటు. బాట క్రింది మట్టిలోని నీరు గడ్డకట్టి బాటనే పైకెత్తుతుంది, వసంతంలో కరిగి కుంగదీస్తుంది. పైగా మంచు కరిగించడానికి వారు రోడ్లపై ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు వంతెనల చువ్వలను తినివేస్తుంది. ఇక్కడ సముద్రం ఉచితంగా చేసే పనిని అక్కడ మునిసిపాలిటీవారు లారీలతో చేయిస్తున్నారన్నమాట.

ఇప్పుడు ఉప్పు ఎక్కడినుండి వచ్చిందన్న ప్రశ్న మిగిలింది. దీని జవాబు మీదనే ఇల్లు ఉంటుందా, పోతుందా అన్నది ఆధారపడి ఉన్నది. సన్‌షేడు, హాలు, పడకగది శ్లాబులలో వేరువేరు లోతులకు రంధ్రాలు చేసి, ఆ పొడిని లోతువారీగా పొట్లాలు కట్టి ప్రయోగశాలకు పంపాము. గాలి ద్వారా వచ్చిన ఉప్పు పైపొరలో ఎక్కువగా, లోతుకు పోయే కొద్దీ తక్కువగా ఉంటుంది. కలిపిన నీటితో వచ్చిన ఉప్పు అయితే శ్లాబు మందమంతటా ఒకే తీరున ఉంటుంది. ఫలితాలు వచ్చాయి. సన్‌షేడులో ఉప్పు లోతుకు తగ్గుతూ పోయింది. హాలులో పైపైన కొద్దిగా ఉన్నది. పడకగదిలో మాత్రం పైన, మధ్యన, అడుగున ఒకటే మోతాదు. అది ఘనమీటరు కాంక్రీటుకు 0.6 కిలో అన్న నియమావళి హద్దును బాగా దాటి ఉన్నది.

హాలు, పడకగది ఒకే రోజున పోసిన శ్లాబు. ఒకే మేస్త్రీ, ఒకే ఇసుక, ఒకే సిమెంటు. మరి ఈ తేడా ఏమిటి? పెద్దలకు ఏమీ గుర్తులేదు. వంటింటి గడపలో నిలబడి వింటున్న శ్రీమతిగారు అప్పుడు అన్నారు: "శ్లాబు నాడు మంచినీళ్ల తొట్టి అన్నాల వేళకు ఖాళీ అయింది బాబూ. లారీ మళ్లీ రాలేదు. పని ఆగితే అతుకు పడుతుందని మేస్త్రీ తొందరపెట్టాడు. పెరట్లో బావి నీళ్లు తోడి పోశారు. ఆ నీళ్లతో పప్పు కూడా ఉడికేది కాదు."

ముప్పై ఏళ్ల క్రితపు ఒక మధ్యాహ్నం అలా బయటపడింది. ఉదయం పోసిన హాలు బ్రతికింది. మధ్యాహ్నం తరువాత పోసిన పడకగది చెడింది. 2000 నాటి ఐ.ఎస్. 456 ప్రకారం చువ్వలున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదు. సముద్రతీరపు బావి నీరు దీనిని ఎన్నో రెట్లు దాటవచ్చు. పప్పు ఉడకని నీరు కాంక్రీటుకు పనికిరాదన్న ఆ గృహిణి కొలత మా ప్రయోగశాల నివేదికకు ఏమీ తీసిపోలేదు. ఆనాడు ఎవరైనా ఆమెను అడిగి ఉంటే బాగుండేది.

ఇక కాంట్రాక్టరు చెప్పిన రెండు అంగుళాల పూత. ఈ సలహా ఒక్క పుదుచ్చేరిలోనే కాదు, విశాఖలో, మచిలీపట్నంలో, కాకినాడలో కూడా వినబడుతూనే ఉంటుంది. పెచ్చు ఊడిన చోట చువ్వను పైపైన గీకి, సిమెంటు మోర్టారు మెత్తి, సున్నం వేసి వెళ్లిపోతారు. తుప్పు లోపల అలాగే ఉంటుంది. పైగా శ్లాబుకు వ్రేలాడే బరువు పెరుగుతుంది. ఊడినప్పుడు ఈసారి పళ్లెమంత ముక్క కాదు, చాపంత ముక్క పడుతుంది. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఉప్పు నిండిన శ్లాబులో ఒకచోట మాత్రం మంచి మోర్టారుతో అతుకు వేస్తే, అతుకులోని చువ్వ బాగుపడి, దాని అంచు చుట్టూ ఉన్న పాత కాంక్రీటులోని చువ్వకు తుప్పు వేగం పెరుగుతుంది. ఒక చువ్వలోని రెండు భాగాలు బ్యాటరీ రెండు కొసలవలె పనిచేయడం దీనికి కారణం. ఏడాది రెండేళ్లలో అతుకు చుట్టూ ఉంగరంలాగా కొత్త పగులు వస్తుంది. దీనిని ఆపడానికి అతుకు అంచులలో చువ్వకు జింకు బిళ్లలు కట్టే పద్ధతి ఉన్నది. ఇనుముకు బదులు ఆ జింకు కరిగిపోతుంది. మంచి పద్ధతే కాని, శ్లాబంతా ఉప్పు నిండినచోట అది ఎంతవరకు కాపాడుతుంది?

అందుచేత మేము చెప్పిన నిర్ణయం ఇది. ఇల్లు కూల్చనక్కరలేదు, అమ్మనక్కరలేదు. పడకగది శ్లాబు ఒక్కటి తీసివేసి కొత్తది పోయాలి. మిగిలినది మరమ్మతు చేయాలి. వానలు అక్టోబరులో వస్తాయి కనుక సెప్టెంబరుకు ముగించాలి.

మరమ్మతు పద్ధతి చెబుతాము. మొదట శ్లాబు క్రింద జాకీలు నిలిపి బరువు తీసుకోవాలి. సుద్ద గీతలకు మరికొంత అవతల వరకు యంత్రంతో అంచు కోసి, డొల్లనంతా చెక్కివేయాలి. చువ్వ క్రింది సగం కనబడితే చాలదు. చువ్వ వెనుక వేళ్లు దూరేంత, అంటే సుమారు 20 నుండి 25 మిల్లీమీటర్లు చెక్కాలి. చాలామంది మేస్త్రీలు ఇక్కడే ఆగిపోతారు. చువ్వ వెనుక మిగిలిన తుప్పే మళ్లీ తలెత్తేది. ఇనుప బ్రష్షుతో, వీలైతే ఇసుక పిచికారీతో, చువ్వ చుట్టూ తెల్లని లోహం కనబడే దాకా శుభ్రం చేయాలి. అప్పుడు కొలవాలి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోదగినది. 8 మిల్లీమీటర్ల చువ్వ అరిగి 6 మిల్లీమీటర్లు అయితే పావు వంతు బలం పోయిందని అనుకుంటాము. బలం వ్యాసాన్ని బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి. పోయినది దాదాపు 44 శాతం. వైశాల్యంలో ఐదవ వంతుకు మించి పోయిన చోటెల్లా ప్రక్కన కొత్త చువ్వ చేర్చి, రెండు వైపులా గట్టి భాగం మీదికి చాలినంత పొడవు సాగించి కట్టాము. హాలులో అలాంటివి ఏడు.

తరువాత చువ్వకు జింకు రక్షణ పూత. పాత కాంక్రీటు ముఖం తడిపి, నీరు కారకుండా తేమగా ఉన్నప్పుడే అతుకు పూత. దానిమీద పాలిమర్ కలిపిన మోర్టారు, ఒక్కొక్క పొర 10 నుండి 15 మిల్లీమీటర్లు మించకుండా. ఒకేసారి మందంగా మెత్తితే తన బరువుకు తానే జారుతుంది. లోతైన చోట్ల అడుగున పలక కట్టి, జారుడుగా ఉండే సూక్ష్మ కాంక్రీటు పోయవలసి ఉంటుంది. ఆపైన తడి గోనెపట్టాలతో తగినన్ని రోజులు తేమ నిలపాలి. చివరగా బయటి ముఖాలకు గాలిని, తేమను అడ్డగించే పూత.

పగుళ్లలోకి ఎపాక్సీ ఎక్కించే పద్ధతిని గురించి పాఠకులు తరచు అడుగుతున్నారు. ఇకపై కదలని పగులును, తుప్పు సంబంధం లేని దానిని, అది చక్కగా అతుకుతుంది. తుప్పు వలన వచ్చిన పగులులోకి ఎపాక్సీ ఎక్కించడం వృథా వ్యయం. పగులు కదులుతున్నదో లేదో తెలుసుకోవడానికి దాని రెండు కొసల వద్ద పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి. నెలకొకసారి చూడండి. గీత దాటి పగులు పోతే అది బ్రతికి ఉన్నదన్నమాట.

పడకగది శ్లాబు తీసేటప్పుడు హాలు శ్లాబును ముందుగా జాకీల మీద నిలిపాము. రెండూ ఒకదానికొకటి ఆసరాగా పోసినవి కనుక ఒకటి తీస్తే రెండవదానికి మధ్యలో భారం పెరుగుతుంది. మధ్య గోడ మీదుగా హాలు నుండి వచ్చిన పై చువ్వలను కోయకుండా నిలిపి, శుభ్రం చేసి, కొత్త శ్లాబులో కలుపుకున్నాము. ఈ చువ్వలను కోయబోయిన కుర్రవాడి చేతినుండి మేము కటింగు యంత్రం లాక్కున్నంత పని చేశాము. ఈసారి మేము అక్కడే ఉన్నాము.

కొత్త శ్లాబుకు 2000 నాటి నియమావళిలోని తీవ్ర వాతావరణపు వరుసను అనుసరించాము. ఆ వరుసలో కనీసం ఎం 30 కాంక్రీటు, 45 మిల్లీమీటర్ల కవరు. కాంక్రీటు ఎం 35 అయితే కవరు 5 మిల్లీమీటర్లు తగ్గించుకోవచ్చు. మేము ఎం 35 వేసి, 40 మిల్లీమీటర్ల కవరు ఉంచి, మందం 150కి పెంచాము. పాత ఇటుకల పరుపును తీసివేసి దాని స్థానంలో తేలికపాటి రక్షణ వేయడం వలన అదనపు బరువు చాలావరకు సరిపోయింది. గోడలు, పునాదులు మిగిలినదానిని మోయగలవని లెక్క చూచుకున్న మీదటనే ముందుకు సాగాము. నీటి సిమెంటు నిష్పత్తి 0.45 మించరాదు. అంటే 50 కిలోల బస్తాకు ఇరవై రెండున్నర లీటర్లు, ఇసుకలోని తడితో కలిపి. మేస్త్రీలకు ఇది మింగుడుపడదు. జారుడు చాలదని మరొక బకెట్టు కుమ్మరించబోతారు. జారుడుకు వేరే ద్రవాలు ఉన్నాయి, నీరు మాత్రం వద్దు. బావి పైకి శ్రీమతిగారు ఆ రోజు ఉదయమే ఒక పెద్ద గంగాళం బోర్లించి పెట్టారు.

అరుగు సంగతి తేలిక. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపాన తీరం దాటింది. ఒక్కరోజులో 45 సెంటీమీటర్లు దాటిన వాన. ఆ తరువాతనే అరుగు వీధివైపు మూల రెండున్నర అంగుళాలు కుంగింది. అందరూ తుపానునే అన్నారు. మేము చూచినది వేరు. మిద్దె మీది వాననీటి గొట్టం ఆ మూలనే నేలలోకి దిగి ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా ప్రతి వానా అక్కడి ఇసుకను కొంత కొంత మోసుకుపోయింది. తుపాను చివరి దెబ్బ వేసింది. అరుగు స్తంభాలకు వేరుగా పునాది ఉన్నది కనుక అవి కదలలేదు. గోడలలో మెట్లు మెట్లుగా ఏటవాలు పగుళ్లు లేవు. అవి ఉంటే పునాదే కుంగినట్లు, ఆ వైద్యం వేరు.

కుమారుడు తమ ఊరిలో ఇలాంటి కుంగుబాటును గంటలో సరిచేస్తారని చెప్పి ఒక వీడియో పంపాడు. పలకలో రంధ్రాలు చేసి, దాని క్రిందికి సిమెంటు కలిపిన పలుచని బురదను పంపుతో ఎక్కించి పలకను పైకి లేపుతారు. కొత్త పద్ధతిలో బురదకు బదులు ఉబ్బే పాలియురేథేన్ నురగ. రంధ్రం చిన్నది, బరువు తక్కువ, కొద్ది నిమిషాలలో గట్టిపడుతుంది. ముచ్చటైన విద్యే. కాని పలక ఒకే ముక్కగా గట్టిగా ఉండాలి. మన అరుగు మూడు ముక్కలైంది. దాని క్రింద కాంక్రీటు ఇటుక ముక్కలతో కలిపి పోసినది. పైకి లేపితే పొడి అవుతుంది. అందుచేత పాత పద్ధతే. పలక తీసివేయించి, ముందుగా వాననీటి గొట్టాన్ని కాలువ వరకు పొడిగించి, గుంటను మంచి ఇసుకతో ఒక్కొక్క పొర 150 మిల్లీమీటర్లు మించకుండా నింపించి, తడిపించి, దిమ్మిస కొట్టించాము. పైన 100 మిల్లీమీటర్ల కాంక్రీటు, ఇంటి గోడకు అంటకుండా సందు విడిచి, వీధివైపు వాలు. నాలుగు రోజుల పని. గొట్టం పొడిగించకుండా అరుగు ఎన్నిసార్లు కట్టినా మళ్లీ కుంగేదే.

ఖర్చు గురించి పెద్దలు మొదటినుండి బెంగపడ్డారు. కూల్చి కట్టడానికి అయ్యేదానిలో ఇది చిన్న భాగమే అయినా, పింఛనుదారుకు చిన్నది కాదు. కొడుకు కొంత పంపాడు. ప్రయోగశాల రుసుము మేము చెల్లించబోతే వారు ఒప్పుకోలేదు. "ప్లానుకు నీవు అప్పుడు డబ్బు తీసుకోలేదుగా" అన్నారు. ఆ మాటకు మా వద్ద సమాధానం లేదు.

సముద్రతీర పట్టణాలలో ఉంటున్న ఉద్యోగులు మాకు వ్రాసేటప్పుడు మూడు సంగతులు తప్పక తెలపవలసినదిగా కోరుతున్నాము. ఇల్లు కట్టిన సంవత్సరం, సముద్రానికి దూరం, కట్టేటప్పుడు వాడిన నీరు. మూడవది ఇంట్లో పెద్దవారినీ, ముఖ్యంగా ఆనాడు పనివారికి మజ్జిగ అందించిన వారినీ అడిగి వ్రాయండి.

కొత్త శ్లాబు సెంట్రింగు సెప్టెంబరు మూడవ వారంలో తీశారు. అడుగు నున్నగా వచ్చింది. ఒక మూల అరచేయంత చోట కంకర తేలి కనబడితే ఆనాడే చెక్కించి పూడ్పించాము. హాలులో స్నానాల గది వైపు ఒక సన్నని పగులును మాత్రం ఇంకా మూయలేదు. అది కదులుతున్నదో లేదో తేలలేదు. దాని రెండు కొసల వద్ద పెన్సిలు గీతలు గీసి తేదీ వేశాము. నెలనెలా చూచి వ్రాసే బాధ్యత మనుమరాలిది. మొదటి ఉత్తరం వచ్చింది. గీత దాటలేదట.